నాలుగు ఆదివారాల్లో తైలవర్ణ చిత్రం నేర్పుతామంటే జాగ్రత్త

ఎగ్మూరు మ్యూజియంలో రవివర్మ చిత్రాలు చూసినప్పటి నుంచి నాకు తైలవర్ణాల పిచ్చి. అందుకే చెన్నైలో మా ఇంటి దగ్గర ‘రవివర్మ పద్ధతిలో పోర్ట్రెయిట్లు, నాలుగు ఆదివారాల్లో’ అన్న ప్రకటన కనిపించగానే 18,000 రూపాయలు కట్టేశాను. రంగులకు మరో 4,500. అవీ వాళ్ల దగ్గరే కొనాలట.

నాలుగు ఆదివారాలు అన్నప్పుడే అనుమానం రావాల్సింది. తైలవర్ణం నీటిరంగులా ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పాత పద్ధతిలో ముందు బూడిద రంగులోనో గోధుమ రంగులోనో వెలుగునీడలు తేల్చి, అవి ఆరాక పలుచటి పొరలుగా ఒంటిరంగు ఎక్కిస్తారు. కింది పొరకంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. మా మాస్టారు ఈ ఊసే ఎత్తలేదు. తడి మీద తడి పూయించి, హెయిర్ డ్రయ్యర్ పట్టమన్నారు! 1868లో తిరువనంతపురం ఆస్థానానికి వచ్చిన విదేశీ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ బొమ్మ వేస్తుంటే చూసి రవివర్మ మెళకువలు పట్టారంటారు. మా మాస్టారు కుంచె పట్టగా మేం ఒక్కనాడూ చూడలేదు.

అమ్మమ్మ ఫోటో ఇస్తే, ‘కింది రేఖాచిత్రం మేమే సిద్ధం చేస్తాం’ అని కాన్వాసు చేతికిచ్చారు. పోలిక ఇట్టే కుదిరింది. ఇంట్లో అందరూ మెచ్చుకుంటే ఉబ్బిపోయాను. మూడో వారం నుదురు ముదురుగా వచ్చిందని టర్పెంటైన్ గుడ్డతో తుడిచాను. రంగంతా గుడ్డకు వచ్చేసింది, బొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. దగ్గరగా చూస్తే సన్నటి చుక్కలు. కింద ఉన్నది అచ్చువేసిన ఫోటో!

అప్పుడు రంగుల గొట్టాలూ తిప్పి చూశాను. కాడ్మియం ఎరుపు పక్కన చిన్న అక్షరాల్లో ‘హ్యూ’ అని ఉంది, అంటే అసలు కాడ్మియం లేకుండా ఆ ఛాయ తెప్పించిన రంగు. ఏ రంగుపొడి వాడారో చెప్పే సంకేతాల్లో అసలు కాడ్మియం ఎరుపుకు ఉండే పీఆర్ 108 లేదు. అలాంటి చవక రంగుతో నేర్చుకోవడం తప్పేమీ కాదు, కానీ నా దగ్గర తీసుకున్నది అసలుదాని ధర.

డబ్బు వెనక్కి ఇమ్మంటే నేను సంతకం పెట్టిన కాగితం చూపించారు. ‘ఫోటో ఆధారంగా అందరూ వేస్తారు సార్’ అన్నారు. ఫోటో చూసి వేయడం వేరు, ఫోటో మీదే పూయడం వేరు.

ఎక్కడైనా సరే, కట్టే ముందు ఒక తరగతి కూర్చుని చూడండి. ఖాళీ కాన్వాసు మీద బొగ్గుతో మొదలుపెడుతున్నారా? పొరకూ పొరకూ మధ్య ఎన్నాళ్లు ఆగమంటున్నారు? రంగులు బయట కొనుక్కుంటామంటే మొహం మాడ్చుకుంటే లేచి వచ్చేయండి.

అమ్మమ్మ చిత్రం తుడిచిన నుదుటితో గోడకు ఆనించి ఉంది. అంత బాగా కుదిరినదాన్ని ఎందుకు పాడుచేశావని అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.