ఏడాది వాడిన అజొల్లా తొట్టి

అజొల్లా అంటే నీటిపై తేలుతూ పెరిగే చిన్న మొక్క, పశువులకు మేతగా పెడతారు. దాన్ని పెంచడానికి పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ఈ రెడీమేడ్ తొట్టిని మా రెండు పాడి ఆవుల కోసం ఏడాది క్రితం తీసుకున్నాను. షీటు మందంగా ఉంది, ఇంతవరకు ఎక్కడా చిరగలేదు. అడుగున అమర్చిన గొట్టం మాత్రం కొంచెం ఎత్తులో ఉండడం వల్ల నీరు మార్చినప్పుడు బురద పూర్తిగా బయటకు పోదు.

ఇది ఉంటే దాణా పూర్తిగా మానేయవచ్చని అమ్మినవారు చెప్పారు. ఆ మాట నమ్మి దాణాలోని వేరుశనగ చెక్క తగ్గించిన నెలలోనే పాలు తగ్గాయి. ఎండబెట్టిన అజొల్లాలో 20 నుంచి 25 శాతం మాంసకృత్తులు ఉంటాయన్నది నిజమే, కానీ పచ్చిదానిలో 90 శాతానికి పైగా నీరే. కిలో పచ్చి అజొల్లాలో మాంసకృత్తులు సుమారు 15 గ్రాములైతే, కిలో వేరుశనగ చెక్కలో 400 గ్రాములకు పైగా ఉంటాయి. అంటే కిలో చెక్కకు బదులు పాతిక కిలోలకు మించి అజొల్లా పెట్టాలి, మా తొట్టి ఇచ్చేదేమో రోజుకు కిలో మాత్రమే.

అయినా నేను దీన్ని తీసేయలేదు. ఆవు తిన్న మాంసకృత్తుల్లో దాదాపు నాలుగో వంతే పాలలోకి చేరుతుంది కాబట్టి, మనుషులు నేరుగా తినగలిగే గింజలను పశువులకు పెట్టడం నాకు మనసొప్పని పని. అజొల్లా ఆకుల్లో ఉండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అందువల్ల దాన్ని పెంచడానికి యూరియా అవసరం ఉండదు, తొట్టిలోనే పెరుగుతుంది కాబట్టి పప్పుధాన్యాలు పండించే నేలా తగ్గదు. ఇప్పుడు మా మడిలో పండే అలసంద గింజలు ఇంటికి, కోశాక మిగిలిన తీగ, అజొల్లా ఆవులకు, తొట్టి నుంచి తీసిన బురద నీరు మళ్లీ అలసంద మడికి వెళుతున్నాయి. చెక్కను పాత మోతాదుకు తెచ్చాక పాలు కూడా కుదుటపడ్డాయి.

ఉష్ణమండలంలో వాడేవారికి కావలసిన రెండు సంగతులు ఈ తొట్టితో ఇచ్చిన కరపత్రంలో లేవు. వేడి 35 డిగ్రీలు దాటితే పెరుగుదల మందగిస్తుంది కాబట్టి పైన నీడ వల తప్పనిసరి. ఎండాకాలంలో మా దిగుబడి సగానికి పడిపోయాకే నేను వల కట్టాను. ఆకులు ఎర్రబడితే భాస్వరం లోపమేమో చూసుకోవాలి. మా తొట్టిలో కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్ వేశాక పచ్చదనం తిరిగి వచ్చింది. తొట్టిలో వేసే పేడ వాసన పోయేదాకా అజొల్లాను కడిగి పెడితేనే ఆవులు ముట్టుకుంటాయి.

ఒకటి రెండు పశువులో, పెరటి కోళ్లో ఉన్నవారు, దాణాకు తోడుగా వాడుకునే ఉద్దేశం ఉంటే, దీన్ని కొనవచ్చు. నేను రెండో తొట్టి కొనడం లేదు. ఆ డబ్బు అలసంద విత్తనానికి పెడుతున్నాను.