కృష్ణపదార్థం ఒక్కటే చాలా, వాయువు కూడా కావాలా?

గురుత్వాకర్షణతో ఒక్కచోట కూడిన గెలాక్సీల గుంపులే గెలాక్సీ గుచ్ఛాలు. వాటి ఆకారాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది, కంటికి కనిపించని, గురుత్వాకర్షణకు మాత్రమే లొంగే కృష్ణపదార్థ కణాలతోనే విశ్వాన్ని నడిపించడం. 2005 నాటి మిలీనియం సిమ్యులేషన్ అలాంటిదే. అందులో సుమారు 1,000 కోట్ల కణాలు. రెండోది ఇలస్ట్రిస్ టీఎన్‌జీ అనే సిమ్యులేషన్ తరహా: వాయువు, నక్షత్రాలు, కృష్ణబిలాలు అన్నీ ఉంటాయి, ఖర్చు కూడా ఎక్కువే.

మొదటి దారిలో గుచ్ఛాలు దొండకాయల్లా సాగి కనిపిస్తాయి. గుచ్ఛాలను కలిపే దారాల్లాంటి తంతువుల వెంట పదార్థం వచ్చి పడుతుంది కనుక పొడవైన అక్షం తరచూ పొరుగు గుచ్ఛం వైపు మొగ్గుతుంది. భారీ గుచ్ఛాలు ఆలస్యంగా కూడుకుంటాయి, ఇంకా కుదుటపడవు. అందుకే అవే ఎక్కువ సాగి ఉంటాయి.

వాయువును కలిపితే నడిమి భాగం మారిపోతుంది. వాయు పీడనం అన్ని దిక్కులా సమానంగా నెడుతుంది, అందువల్ల వేడి వాయువు కృష్ణపదార్థం కంటే గుండ్రంగా పరుచుకుంటుంది. అది చల్లబడి కేంద్రానికి చేరితే చుట్టూ ఉన్న కృష్ణపదార్థాన్నీ గుండ్రబరుస్తుంది. కృష్ణబిలాలు వెదజల్లే శక్తి ఈ చల్లబడటానికి పగ్గం వేస్తుంది. ఆ పగ్గాన్ని సరిగా లెక్కించడమే అసలు కష్టం!

గుచ్ఛం నడుమ ఉండే అతిపెద్ద గెలాక్సీ, గుచ్ఛం సాగిన దిక్కుకే వాలి ఉంటుందని 1968లోనే శాస్త్రి అనే ఖగోళ పరిశోధకుడు గమనించారు. దాన్ని నేరుగా పరీక్షించాలంటే నక్షత్రాలు కావాలి, కాబట్టి రెండో దారే పట్టాలి. గుచ్ఛాల మధ్య అమరికకైతే నా ఓటు మొదటిదానికే.