మూవర్స్‌కి అడ్వాన్స్ కట్టే ముందు సేఫర్ సైట్‌లో ఏం చూడాలి – నా రివ్యూ

అమెరికాలో ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి ఇల్లు మారేటప్పుడు మనవాళ్ళు చాలామంది గూగుల్ రివ్యూలు చూసి, ఎవరు తక్కువ చెప్తే వాళ్ళకి అడ్వాన్స్ కట్టేస్తున్నారు. ట్రక్కు కంపెనీల రికార్డు గవర్నమెంటే ఫ్రీగా పెట్టిన సైట్ ఒకటుందని చెప్తే ఆశ్చర్యపోతారు. దాని పేరు సేఫర్. నడిపేది ఎఫ్ఎంసీఎస్ఏ, అంటే ట్రక్కులు బస్సుల సేఫ్టీ కోసం 2000 జనవరిలో పెట్టిన ఫెడరల్ ఆఫీస్. లాగిన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. 5 కి 4 స్టార్లు ఇస్తాను. ఒక స్టార్ ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

కంపెనీ స్నాప్‌షాట్ అనే పేజీలో డీఓటీ నంబర్ (ఫెడరల్ రవాణా శాఖ కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబర్), ఎంసీ నంబర్ (మోసే పర్మిషన్‌కి ఇచ్చే నంబర్), పేరు, ఏది కొట్టినా వస్తుంది. కానీ పేరుతో వెతక్కండి, ఒకేలాంటి పేర్లు బోలెడు వచ్చి ఏది మనదో తెలీదు. ఫోన్‌లో కొటేషన్ ఇచ్చేవాళ్ళని డీఓటీ నంబర్ అడగండి. చెప్పడానికి నసిగారంటే ఇంక ఆ కంపెనీని వదిలేయండి, స్టేట్ దాటి ఇంటి సామాను మోసేవాళ్ళకి ఆ నంబర్ తప్పనిసరి, దాంట్లో దాచేదేం లేదు.

పేజీ ఓపెన్ అవగానే అందరూ యాక్టివ్ అని ఉందా లేదా చూసి క్లోజ్ చేసేస్తారు. అది సరిపోదండీ. దాని పక్కనే ఎంటిటీ టైప్ ఉంటుంది, అసలు చూడాల్సింది అది. క్యారియర్ అంటే సొంతంగా ట్రక్కు నడిపి మోసే కంపెనీ, బ్రోకర్ అంటే మీ ఆర్డర్ తీసుకుని ఇంకెవరికో అప్పజెప్పేవాడు. బ్రోకర్ అయితే తప్పని కాదు, కానీ ఫోన్‌లో మా ట్రక్కు మా మనుషులు అని చెప్పి ఇక్కడ బ్రోకర్ అని ఉంటే, పవర్ యూనిట్స్, అంటే ట్రక్కుల సంఖ్య దగ్గర సున్నా ఉంటే, మీ ఇంటికి వచ్చేది ఎవరో ఆ మాట్లాడినవాళ్ళకే తెలీదన్నమాట. అలాగే డీఓటీ నంబర్ యాక్టివ్‌గా ఉన్నంత మాత్రాన ఇంటి సామాను మోసే పర్మిషన్ ఉన్నట్టు కాదు. అది ఆపరేటింగ్ అథారిటీ అనే లైన్‌లో ఉంటుంది, అక్కడ హౌస్‌హోల్డ్ గూడ్స్‌కి ఆథరైజ్డ్ అని కనపడాలి. మామూలు సరుకుకి మాత్రమే పర్మిషన్ ఉంటే మీ సోఫా ఎక్కించడానికి అది పనికిరాదు.

కొంచెం కిందకి వస్తే గడిచిన 24 నెలల ఇన్‌స్పెక్షన్లు, యాక్సిడెంట్లు ఉంటాయి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. రోడ్డు మీద ఆపి చెక్ చేసినప్పుడు ఎన్నిసార్లు బండినో డ్రైవర్నో అక్కడే ఆపేశారో శాతంలో ఇస్తారు, పక్కనే దేశం మొత్తం యావరేజ్ కూడా ఉంటుంది. బండ్లకి అది దాదాపు 22 శాతం, డ్రైవర్లకి 6-7 శాతం. కంపెనీ అంకె దానికి రెట్టింపు ఉంటే బ్రేకులు టైర్లు పట్టించుకోవట్లేదనే నేననుకుంటా. అయితే రెండు మూడు ఇన్‌స్పెక్షన్లే జరిగిన చిన్న కంపెనీకి ఒక్కసారి ఆపినా శాతం అమాంతం పెరిగిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి. యాక్సిడెంట్ల లెక్క కూడా తప్పెవరిదని చెప్పదు, వెనకనుంచి ఎవడో వచ్చి గుద్దినా అందులోకే వస్తుంది.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టార్ సంగతి. సేఫ్టీ రేటింగ్ అని ఒకటుంటుంది, శాటిస్‌ఫాక్టరీ, కండిషనల్, అన్‌శాటిస్‌ఫాక్టరీ అని మూడు రకాలు, కానీ చాలా కంపెనీలకి అసలు రేటింగే ఉండదు. ఉన్నా పక్కన డేట్ చూడండి, ఎప్పుడో ఏళ్ళ కిందట ఇచ్చింది అయ్యుండొచ్చు. ఇంకోటి, సేఫ్టీ మెజర్‌మెంట్ సిస్టమ్ (ఎస్ఎంఎస్) అనే వేరే సైట్‌లో ఇతర కంపెనీలతో పోల్చిన స్కోర్లు ఉండేవి, 2015 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో సరుకు మోసే కంపెనీల స్కోర్లు జనానికి కనపడకుండా తీసేశారు. కట్టేది మన డబ్బు, మోసేది మన సామాను, ఆ స్కోర్లు మళ్ళీ చూపించాలనే నా గట్టి అభిప్రాయం.

పేరు చెడిపోగానే మూసేసి కొత్త నంబర్‌తో తెరిచే కంపెనీలు ఈ పేజీలో దొరకవు. వాటికోసం లైసెన్సింగ్ అండ్ ఇన్సూరెన్స్ అనే పేజీకి వెళ్ళండి, అథారిటీ ఎప్పుడొచ్చింది, ఎప్పుడైనా రద్దయిందా అన్నీ ఉంటాయి. పాతికేళ్ళ అనుభవం అని వెబ్‌సైట్‌లో రాసుకున్నవాళ్ళకి ఇక్కడ అథారిటీ పోయిన ఏడాదే వచ్చిందంటే ఎందుకని అడగండి. ఇన్సూరెన్స్ కూడా అక్కడే ఉంటుంది, పెద్ద ట్రక్కుకి కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ, బ్రోకర్‌కి 75,000 డాలర్ల బాండ్, అంటే పూచీకత్తు. కాకపోతే ఆ లయబిలిటీ రోడ్డు ప్రమాదాలకి, మీ టీవీకి కాదు. ఫ్రీగా వచ్చే కవరేజ్ తీసుకుంటే పౌండుకి 60 సెంట్లే, 50 పౌండ్ల టీవీ పగిలితే వచ్చేది 30 డాలర్లు. విలువైన సామానుంటే ఫుల్ వాల్యూ, అంటే సామాను పూర్తి విలువకి కవరేజ్, అడిగి తీసుకోండి.

ఒకే స్టేట్ లోపల మారేవాళ్ళకి ఇదంతా పెద్దగా పనికిరాదు, అది ఆ స్టేట్ రూల్స్ ప్రకారం నడుస్తుంది. టెక్సస్‌లో అయితే డీఎంవీ (ఆ స్టేట్ వాహనాల శాఖ) దగ్గర, కాలిఫోర్నియాలో బీహెచ్‌జీఎస్ (మూవర్స్‌కి పర్మిట్లిచ్చే స్టేట్ ఆఫీస్) దగ్గర చూసుకోవాలి.

లోడింగ్ రోజున ట్రక్కు రాగానే సామాను ముట్టుకోనివ్వకముందే డోర్ మీద పేరు, డీఓటీ నంబర్ చూడండి, రెండు పక్కలా 50 అడుగుల దూరం నుంచి కనపడేట్టు రాయాలని రూల్. వేరే నంబరుంటే ఫోన్‌లో అక్కడే కొట్టి చూడండి, రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత డెలివరీ దగ్గర రేటు పెంచి సామాను ఇవ్వం అంటే, నాన్ బైండింగ్ ఎస్టిమేట్‌కి (ఉజ్జాయింపు రేటు) 110 శాతం, బైండింగ్ (ఫిక్స్ చేసిన రేటు) అయితే 100 శాతం కడితే వాళ్ళు దించి తీరాలి, మీరు కొత్తగా ఏమీ అడగనంతవరకు. అప్పటికీ వినకపోతే ఎఫ్ఎంసీఎస్ఏ కంప్లైంట్ నంబర్ 1-888-368-7238.