ఆటోనగర్ సెకండ్‌హ్యాండ్ ఏసీ ప్యానెల్: పార్ట్ నంబర్ కలిస్తేనే

విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల నుంచి తీసిన క్లైమేట్ కంట్రోల్ యూనిట్లు, అంటే డ్యాష్‌బోర్డ్ మీద ఏసీ నాబ్‌లు, బటన్లు ఉండే ప్యానెళ్లు దొరుకుతాయి. కొనొచ్చు. అయితే ముందు అసలు పోయింది ప్యానెలేనా అన్నది తేల్చుకోవాలి. మాన్యువల్ ఏసీలో బ్లోయర్ 4వ స్పీడులో మాత్రమే తిరుగుతుంటే దోషం చాలావరకు స్పీడు తగ్గించే భాగమైన రెసిస్టర్‌ది. డ్యాష్‌బోర్డ్ వెనక టిక్ టిక్ మంటుంటే చాలావరకు యాక్చుయేటర్ (లోపల గాలి దారి మార్చే చిన్న మోటారు) గేరు పళ్లు అరిగినట్టే. ఈ రెంటికీ ప్యానెల్ మార్చడం డబ్బు దండగ.

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద పార్ట్ నంబర్ మీ బండిలోదానితో చివరి అక్షరం దాకా కలవాలి. ముఖం ఒకేలా ఉన్నా ఆటోమేటిక్‌దీ మాన్యువల్‌దీ లోపల వేరు. కనెక్టర్ పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటే వేడికి కాలిందని అర్థం, ఎంత తగ్గించినా వద్దు.

బిగింపు గంట పనే. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోకూడదు. ట్రిమ్‌కి (ప్యానెల్ చుట్టూ క్లిప్పులతో బిగించిన ప్లాస్టిక్ ముక్కకి) స్క్రూడ్రైవర్ పెట్టే మెకానిక్‌ని అక్కడే ఆపండి. మన రోహిణి కార్తె ఎండలకు ఏళ్ల తరబడి మాడిన క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, ఆ తర్వాత గతుకు రోడ్డెక్కితే డ్యాష్‌బోర్డ్ కిటకిటలే. ట్రిమ్ ఊడదీసే ప్లాస్టిక్ ప్రై టూల్ వాడాలి. నాబ్ తిప్పితే తీగ లాగే కేబుల్ రకమైతే విప్పేముందు ఫొటో తీయించండి: బిగించేటప్పుడు కేబుల్ ఒక పన్ను పక్కకు పడితే, నాబ్ పూర్తిగా చల్లటి వైపు తిప్పినా వేడిగాలి కలవొచ్చు.

డబ్బిచ్చే ముందు అన్ని స్పీడులూ, అన్ని మోడ్‌లూ, ప్యానెల్‌లో రాత్రి వెలిగే లైట్లూ చూసుకోండి. వారం రోజుల రిటర్న్ మాట బిల్లు మీద రాయించుకోండి.