ఆటోనగర్‌లో పాత లారీ కేబిన్: సీటు పని భేష్, ఆడియో పని అంతంతమాత్రం

నెల్లూరు ఆటోనగర్‌లో మా నాయన లారీకి సీట్లు, కేబిన్ లోపలి పని, ఆడియో అన్నీ చేయించాం. పాత బండి మీద ఇంకా డబ్బులు పెట్టాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. పని రెండు షాపుల్లో జరిగింది. సీట్లు కుట్టిన మేస్త్రీకి ఐదుకి ఐదు, ఆడియో షాపుకి మూడు. ఆ మూడులో కూడా ఒకటి, గట్టిగా అడిగాక మళ్లీ సరిగ్గా చేసి ఇచ్చినందుకు.

బండి ఆరు టైర్ల పాత టాటా. గూడూరు నిమ్మకాయలు, లేదంటే మద్రాసుకి బియ్యం లోడు. ఇంజన్ కొంత కేబిన్‌లోకే ఉంటుంది, దాని మీద కవరు చినిగిపోయి వేడంతా నాయన ఎడమ కాలికి కొట్టేది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట నాయుడుపేట దాటేసరికి చొక్కా పిండుకోవాల్సిందే. కొత్తగా తయారయ్యే లారీలకి ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం, మరి పాత బండ్లు తోలేవాళ్ల సంగతి ఎవరు చూస్తారు? మనమే చూసుకోవాలి.

సీట్ల మేస్త్రీ దగ్గర నాకు నచ్చిందేమిటంటే, బండి తీసుకెళ్లగానే రెగ్జిన్ కలర్ల పుస్తకం తీసి ముందు పెట్టలేదు. "అన్నా, నువ్వు ఎక్కి మామూలుగా కూర్చో" అని నాయనని కూర్చోబెట్టి, క్లచ్ తొక్కమని, నడుం వెనక చెయ్యి పెట్టి ఎంత సందు ఉందో చూశాడు. పాత సీటులో స్ప్రింగులు ఒక పక్కకి కుంగిపోయి ఉన్నాయి, వాటి మీద కొబ్బరి పీచు గట్టిపడి గడ్డ కట్టింది. నాయన ఇన్నేళ్లూ నడుం నొప్పికి మాత్రలు మింగాడు కానీ సీటు వైపు చూసింది లేదు. మేస్త్రీ స్ప్రింగులు మార్చి, 40 డెన్సిటీ గట్టి స్పాంజి వేసి, నడుం దగ్గర కొంచెం ఎత్తు పెట్టాడు. మెత్తటి స్పాంజి అడిగితే "మెత్తగా ఉంటే షాపులో బాగుంటుంది, కావలి పోయేలోపు అణిగిపోతుంది" అన్నాడు. కూర్చునే చోట గుడ్డ, పక్కలకి రెగ్జిన్. మొత్తం రెగ్జిన్ వేస్తే తుడవడం తేలికే కానీ మన ఎండల్లో వీపు అతుక్కుపోతుంది.

ఇంజన్ మూత కింద పాత సరుకంతా పీకేసి, వేడి ఆపే రేకు పొరతో వచ్చే షీటు అంటించాడు. తేడా బాగా తెలుస్తోంది. కాలికి కొట్టే వేడి తగ్గింది, ఇంజన్ మోత కూడా తగ్గింది, నిజానికి ఆడియోకి జరిగిన పెద్ద మేలు ఇదే. కింద మ్యాటు లేపితే పెడల్స్ దగ్గర రేకు తుప్పు పట్టి రోడ్డు కనపడుతోంది. దానికి వెల్డింగ్ ప్యాచీ వేయించి, ప్రైమర్ కొట్టి ఆ తర్వాతే కొత్త రబ్బరు మ్యాటు పరిచారు. డోర్ అద్దాల బీడింగులు కూడా మార్పించండి, మనకి అసలు వాన పడేదే కార్తీకంలో తుపాన్లకి, అప్పుడు నీళ్లు లోపలికి కారితే కొత్త స్పాంజి మళ్లీ కంపు కొడుతుంది.

ఇక ఆడియో. అక్కడికి పోగానే బెర్తు కింద పెట్టే పెద్ద బాక్సు, పైన రంగురంగుల లైట్లు చూపించారు. నాయన "నాకు డీజే ఎందుకయ్యా, పాట వినపడితే చాలు" అన్నాడు. ఆయన మాటే కరెక్టు. డీజిల్ ఇంజన్ గుయ్యిమనే మోతలో బేస్ ఎంత పెట్టినా సగం కలిసిపోతుంది, మాట స్పష్టంగా వినపడాలి. అందుకే బాక్సు వద్దని, రెండు ఓవల్ స్పీకర్లు వెనక ప్యానెల్‌లో చెవి ఎత్తున పెట్టించాం. స్పీకర్ అట్టపెట్టె మీద 500 వాట్లు అని ఉంటే నమ్మొద్దు, అది పీక్ లెక్క, అంటే ఒక్క క్షణం మాత్రం తట్టుకునేది. ఆర్‌ఎంఎస్ అని, అంటే ఆగకుండా మోగేటప్పుడు తట్టుకునేది, పక్కన చిన్నగా రాసిన అంకె చూడండి. లైట్లు కూడా వద్దన్నాం, రాత్రిపూట ముందు అద్దంలో మెరిసి రోడ్డు కనపడదు. డ్యాష్ మీద ఎప్పటిలాగే పెంచలకోన స్వామి పటం, రొట్టెల పండగప్పుడు దర్గా దగ్గర తెచ్చిన ఆకుపచ్చ గుడ్డ, అంతే.

అసలు గొడవ కరెంటు దగ్గర వచ్చింది. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి, మొత్తం 24. స్టీరియో 12 వోల్టులది. షాపు కుర్రాడు ఒక బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగేశాడు. ఇదేందని అడిగితే "అందరికీ ఇట్లాగే ఇస్తాం అన్నా" అన్నాడు. అట్లా చేస్తే స్టీరియోకి వాడే బ్యాటరీ ఎప్పుడూ సగం చార్జింగ్‌లో ఉంటుంది, రెండోది ఎక్కువ చార్జయి నీళ్లు మరుగుతాయి, చివరికి రెండూ పోతాయి. స్టీరియో కొన్న డబ్బుకి ఎన్నో రెట్లు బ్యాటరీలకి పెట్టాలి. 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టర్ పెట్టాల్సిందే అని కూర్చుంటే అప్పుడు పెట్టాడు. స్టీరియో, రెండు స్పీకర్లకి 10 ఆంపియర్లది సరిపోతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు కూడా ఉండాలి, ఎందుకంటే వైరు ఎక్కడో రేకుకి రాసుకుని కాలితే కేబిన్ అంతా పోతుంది. వైరు చివర బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, మార్పించండి.

కన్వర్టర్ పెట్టాక ఎఫ్ఎం పెడితే బర్రుమని మోత. కన్వర్టర్‌ని ఏరియల్ వైరు పక్కనే బిగించాడు మరి! దాన్ని అక్కణ్ణించి తీసి సీటు వెనక్కి మార్చి, ఎర్తు శుభ్రంగా గీకిన రేకుకి బిగిస్తే చాలావరకు పోయింది. స్టీరియో పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, లేకపోతే టైము, స్టేషన్లు మర్చిపోతుంది, కానీ బండి వారాల తరబడి నిలిపితే కన్వర్టర్ కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతుంది. అందుకని మధ్యలో ఒక స్విచ్చి అడిగి పెట్టించుకున్నాం. దానికి మాత్రం డబ్బులు తీసుకోలేదు.

ఖర్చు, సీట్లు, బెర్తు, ఇంజన్ కవరు, మ్యాటు, వెల్డింగు కలిపి 19 వేలు, ఆడియో అంతా 8 వేలు. చేతిలో తక్కువ డబ్బుంటే ఆడియో వాయిదా వేసి సీటు, ఇంజన్ కవరు ముందు చేయించండి. మేస్త్రీ షాపుకి బోర్డు లేదు, సీటు పని చేసేవాళ్ల వరసలో అడిగితే చూపిస్తారు. కోతల సీజన్‌లో మాత్రం పోవద్దు, లారీలన్నీ అక్కడే ఉంటాయి. బండి ఇచ్చేటప్పుడు రోజూ తోలే మనిషిని వెంట తీసుకుపోండి, కొలతలు ఆయనవే తీస్తాడు.