నవంబరులో లాస్ ఏంజెలెస్: ఎండలో ఒక వాన సినిమాని వెతుక్కుంటూ

‘బ్లేడ్ రన్నర్’ కథ జరిగేది 2019 నవంబరులో, లాస్ ఏంజెలెస్‌లో. సినిమా నిండా చీకటి, పొగ, ఆగని వాన. మేం దిగింది కూడా నవంబరులోనే. ఎయిర్‌పోర్టు బయటికి రాగానే ఎండ ఎంత చురుక్కుమందంటే, డల్లాస్‌లో వేసుకొచ్చిన జాకెట్టు మా ఆయన అక్కడికక్కడే విప్పి నా చేతిలో పెట్టారు. “ఏదీ నీ వాన?” అన్నారు. ఆ తర్వాత ఆ మాట కనీసం పదిసార్లు విన్నాను.

అసలు ప్లాను థాంక్స్‌గివింగ్‌కి అర్వైన్‌లో మా మరిది వాళ్ళింటికి వెళ్ళడం. రెండు రోజులు ముందే వెళ్ళి డౌన్‌టౌన్‌లో ఉందామని, ఆ సినిమా తీసిన చోట్లు చూద్దామని పట్టుబట్టింది నేను. నిజం చెప్పాలంటే ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు సగంలోనే నిద్రపోయాను. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండగా ఎవరో సీడీ తెచ్చారు, పదిమందిమి ఒక కంప్యూటర్ ముందు కూర్చున్నాం, నేను గోడకి చేరగిలబడి నిద్రపోయాను. అమెరికా వచ్చాక ‘ఫైనల్ కట్’ (దర్శకుడు చివరిగా తన ఇష్టప్రకారం సరిదిద్దిన రూపం) డీవీడీ లైబ్రరీలో దొరికితే మళ్ళీ చూశాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

1982 జూన్ 25న విడుదలైనప్పుడు అక్కడి జనానిదీ మా హాస్టల్ పరిస్థితే. రెండు వారాల ముందే ‘ఇ.టి.’ వచ్చి దేశాన్నంతా ఊపేస్తోంది. ముద్దొచ్చే గ్రహాంతరవాసిని చూసి కళ్ళు తుడుచుకుని వచ్చినవాళ్ళకి, నాలుగేళ్ళే ఆయుష్షు పెట్టి తయారుచేసిన కృత్రిమ మనుషుల్ని ఒక పోలీసు వెతికి వెతికి చంపే కథ ఎక్కలేదు. పోలీసుగా వేసింది హారిసన్ ఫోర్డ్ కదా అని సరదా సినిమా అనుకుని వెళ్ళినవాళ్ళూ ఉండే ఉంటారు. ముందు వేసిన ప్రివ్యూల్లో కథ అర్థం కావట్లేదన్నారని నిర్మాతలు హీరో గొంతుతో వివరణ చెప్పించారు, చివర్లో హాయిగా కొండల్లో కారు వెళ్ళే సీను అతికించారు. ఆ కొండలు కూడా ‘ది షైనింగ్’ అనే వేరే సినిమా కోసం తీసి వాడకుండా మిగిలిపోయిన ఫిల్ము. ఇన్ని చేసినా ఆడలేదు. మరి ఈ పేరంతా ఎప్పుడొచ్చింది? ఆ జవాబు ఉన్న చోటు కూడా ఈ ఊళ్ళోనే ఉంది. అక్కడికి రెండో రోజు వెళ్ళాం.

ముందు బస గురించి. ఇక్కడ నేను తప్పు చేశాను. డౌన్‌టౌన్‌లో ఆఫీసు టవర్ల మధ్య ఒక పెద్ద హోటల్లో, ఆన్‌లైన్‌లో రేటు బాగుందని రూము తీసుకున్నాను. చెక్ ఇన్ దగ్గర రోజువారీ ‘సదుపాయాల ఫీజు’ అన్నారు. ఏం సదుపాయాలు అంటే వైఫై, రెండు నీళ్ళ సీసాలు. కారు మనం పార్క్ చేసుకునే వీల్లేదు, వాలే మాత్రమే, అంటే హోటల్ వాళ్ళే తీసుకెళ్ళి పెడతారు. అన్నీ కలిపితే బిల్లు నేను అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు అయింది. పైగా సాయంత్రం ఆఫీసులు మూసేశాక ఆ వీధుల్లో నరమానవుడు ఉండడు. మర్నాడు లిటిల్ టోక్యో అనే జపాన్ వాళ్ళ పేటలో ఒక చిన్న హోటల్‌కి మారాం. రూము ఇరుకే, మూడో మంచం వేస్తే నడవడానికి జాగా లేదు. కానీ మెట్లు దిగితే చాలు, పదకొండింటిదాకా తిండి, వెలుతురు, మనుషులు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను.

ఎయిర్‌పోర్టులో కారు అద్దెకి తీసుకోవడం రెండో తప్పు. మొదటి రోజు చూడాల్సినవన్నీ నడకలో, మెట్రోలో అయిపోతాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఫ్లైఅవే బస్సు నేరుగా యూనియన్ స్టేషన్‌కి వస్తుంది. మెట్రో టికెట్టు 1.75 డాలర్లు, దాంతో రెండు గంటలు ఎన్ని రైళ్ళయినా మారొచ్చు. మా కారు ఆ రోజంతా హోటల్ గ్యారేజీలో, రూముకి కట్టినట్టే అద్దె తింటూ పడుంది.

బ్రాడ్‌వే, థర్డ్ స్ట్రీట్ మూలమీదుంటుంది బ్రాడ్‌బరీ బిల్డింగ్. బయటి నుంచి చూస్తే మామూలు ఇటుక కట్టడం. మా అబ్బాయి “ఇదా?” అన్నాడు. తలుపు తోసి రెండడుగులు వేశాక మాత్రం నోరు మూసుకున్నాడు. మధ్యలో ఐదంతస్తుల ఖాళీ, పైన మొత్తం అద్దాల కప్పు, నాలుగువైపులా పోతపోసిన ఇనుప కటకటాలు, చలవరాతి మెట్లు, పక్షుల బోనుల్లా తెరిచి ఉన్న లిఫ్టులు. ఎండ పైనుంచి దిగి పసుపు ఇటుకల మీద పడి, గాలికే రంగు వేసినట్టుంటుంది. 1893లో లూయిస్ బ్రాడ్‌బరీ అనే గనుల ఆసామి కట్టించాడు. పని పూర్తి చేసిన జార్జ్ వైమన్ అనే యువకుడు, 2000 సంవత్సరం ఎలా ఉంటుందో ఊహించి రాసిన ఒక నవల చదివి ఈ లోపలి రూపం గీశాడని చెప్పుకుంటారు. చనిపోయిన తమ్ముడి ఆత్మని అడిగి మరీ పని ఒప్పుకున్నాడని ఇంకో కథ. రెండోది మా అత్తయ్యగారికి చెబితే తప్పక నమ్ముతారు. మొదటిది మాత్రం నిజమే అయ్యుండాలని నా కోరిక. ఎందుకంటే ఒకప్పటి ఆశాభరితమైన భవిష్యత్తు బొమ్మలోనే దర్శకుడు రిడ్లీ స్కాట్ తన పాడుబడ్డ భవిష్యత్తుని తీశాడు. సినిమాలో ఇది బొమ్మలు చేసుకునే సెబాస్టియన్ ఒంటరిగా బతికే కొంప. కప్పు లోంచి నీళ్ళు కారుతుంటాయి, నేలంతా చెత్త, పైన తిరిగే ప్రకటనల విమానం వెలుగు ఆ అద్దాల్లోంచి కత్తుల్లా దిగుతుంటుంది. మేం చూసిన నేలలో ముఖం చూసుకోవచ్చు.

ప్రవేశం ఉచితం. మొదటి మలుపు మెట్టు దాకే అనుమతి. పైన ఆఫీసులు నడుస్తున్నాయి, అందుకని. లిఫ్టు ఎక్కనివ్వరు. గార్డు ఎంతో మర్యాదగా, అదే రోజు యాభయ్యోసారి చెబుతున్నవాడి ఓపికతో చెప్పాడు. పైదాకా వెళ్ళలేకపోయానని మొదట ఉక్రోషం వచ్చిన మాట నిజం. తర్వాత అక్కడే ఓ పక్కన నిలబడ్డాను. ఒకావిడ కాఫీ కప్పుతో వచ్చి, చుట్టూ ఫొటోలు తీసుకుంటున్న మమ్మల్ని చూడకుండా తన ఆఫీసుకి వెళ్ళిపోయింది. చార్మినార్ కింద గాజులు అమ్ముకునేవాళ్ళు పైకి చూడరు కదా, అలాగ. వారం రోజు పొద్దున తొమ్మిది, పది మధ్య వెళ్ళండి. ఆ తర్వాత గుంపు పెరుగుతుంది.

ఎదురుగా మిలియన్ డాలర్ థియేటర్, 1918 నాటిది. సినిమాలో దాని బోర్డు వానలో మెరుస్తూ కనిపిస్తుంది. పక్కనే 1917 నుంచి నడుస్తున్న గ్రాండ్ సెంట్రల్ మార్కెట్. భోజనం అక్కడే. మెక్సికన్, థాయ్, చైనా కొట్లు పక్కపక్కనే, పది భాషల అరుపులు. ఆ సినిమా రోడ్డు మీద వినిపించే కలగాపులగం మాటలకి నిజమైన ఆనవాలు ఏదైనా ఉందంటే ఇక్కడే. కాకపోతే ధరలు మాత్రం పూర్తిగా ఈ కాలానివి, ముగ్గురం తింటే అరవై డాలర్లయింది. ఏంజెల్స్ ఫ్లైట్ అనే బుల్లి కొండరైలు దాని వెనకాలే. ఒక నిమిషం ప్రయాణం. బాగుంది, అంతే.

యూనియన్ స్టేషన్ గురించి మా ఆయనకీ నాకూ ఇంకా తగువు తెగలేదు. ఆయన లెక్కలో ట్రిప్పు మొత్తంలో అదే నంబర్ వన్. 1939లో తెరిచిన స్టేషన్. ఎత్తైన చెక్క దూలాల కప్పు, తోలు కుర్చీలు, రంగు రంగుల పలకల నేల. సినిమాలో పోలీసు ఠాణా ఇదే. ఆ కుర్చీల్లో టికెట్టు ఉన్న ప్రయాణికులే కూర్చోవాలి, మేం నిలబడే చూశాం. బాత్‌రూములు శుభ్రంగా ఉన్నాయి, ఇది డౌన్‌టౌన్‌లో చిన్న విషయం కాదు. ఆయన ఓటులో సగం దానికే పడిందని నా అనుమానం.

ఆ రాత్రి రూములో మావాడికి సినిమా చూపించాను. నలభై నిమిషాలకి ఫోను తీశాడు. “అమ్మా, ఇందులో ఉన్నవన్నీ వేరే సినిమాల్లో, గేముల్లో ఎప్పుడో చూసేశాను” అన్నాడు. కోపం వచ్చింది. కానీ వాడు తెలియకుండానే అసలు మాట అనేశాడు. నియాన్ దీపాలు, తడి రోడ్డు, ఆకాశమంత ప్రకటనలు, వాటి కింద ఇరుకు జనం. ఈ సినిమాకి చిత్రకారుడు సిడ్ మీడ్ గీసిన ఆ ఊరిని తర్వాత వచ్చినవాళ్ళందరూ తలా ఒక ముక్క పట్టుకుపోయారు. ఇప్పుడు అసలుది చూస్తే నకల్లా కనిపిస్తోంది.

రెండో రోజు కారు పని. పొద్దున్నే కలబసస్ కొండల్లో వేంకటేశ్వరస్వామి గుడి. అత్తయ్యగారి మొక్కు. అందరూ మాలిబు గుడి అంటారు. తెల్లటి గోపురాలు, ఎండు కొండలు, గుళ్ళో పులిహోర. కట్టింది 1981లోనట. బోర్డు చూసి నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే ఇక్కడికి గంట దూరంలో, బర్‌బ్యాంక్‌లో, స్టూడియో వీధికి వాన గొట్టాలు బిగించి ఈ సినిమా తీస్తున్నారు. ఆ వీధికి చేసిన సినిమా అలంకరణ ఎప్పుడో తీసేశారు, అందుకే స్టూడియో టూరు జోలికి పోలేదు.

తిరుగు దారిలో శాంటా మోనికా బౌలెవార్డ్ మీద న్యూఆర్ట్ థియేటర్ దగ్గర ఆగాం. ఆగి చూడ్డానికి ఏముందని మా ఆయన కారు దిగలేదు. ఇందాక చెప్తానన్న చోటు ఇదే. 1990లో ఊళ్ళోనే ఫెయిర్‌ఫాక్స్ అనే థియేటర్లో పాత సినిమాల పండగకి ‘బ్లేడ్ రన్నర్’ 70 ఎం.ఎం. ప్రింటు తెప్పించారు. వేశాక చూస్తే హీరో వివరణ చివర్లో ఒక్కచోట తప్ప లేదు, కొండల్లో కారు లేదు. స్టూడియో చేతులు పెట్టకముందు తయారైన ప్రింటు అది. మరుసటి ఏడు న్యూఆర్ట్‌లో అదే వేస్తే జనం విరగబడ్డారు. ఆ దెబ్బకి 1992లో ‘డైరెక్టర్స్ కట్’ విడుదల చేశారు, 1993లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు. అంతకుముందు పదేళ్ళు క్యాసెట్లలో, కేబుల్ టీవీలో దీన్ని బతికించింది కూడా మామూలు జనమే. మధ్యాహ్నం రెండింటికి థియేటరు తలుపులు మూసి ఉన్నాయి. ఎదుటి ఫుట్‌పాత్ మీద ఐదు నిమిషాలు నిలబడి వచ్చాను. టైము తక్కువుంటే మీరిక్కడికి రావక్కర్లేదు. రాత్రి ఏదైనా ఆట ఉంటే మాత్రం టికెట్టు కొనుక్కుని వెళ్ళండి.

ట్రాఫిక్‌లో గంటన్నర. లాస్ ఫీలిజ్ కొండమీద ఎన్నిస్ హౌస్ చేరేసరికి నాలుగు దాటింది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1924లో అచ్చు పోసిన కాంక్రీటు పలకలతో కట్టిన ఇల్లు, దూరం నుంచి చూస్తే మెక్సికో వైపు పాతకాలపు మాయన్ జాతివాళ్ళు కట్టిన గుడిలా ఉంటుంది. సినిమాలో హారిసన్ ఫోర్డ్ వేసిన పోలీసు డెకార్డ్ ఇల్లు ఇదే, కానీ లోపలి సీన్లకి ఈ పలకల అచ్చులు తీసి సెట్టు వేశారు. ఇప్పుడు ఎవరిదో సొంత ఇల్లు. గేటు ముందు బండి ఆపడానికి లేదు, రోడ్డు ఇరుకు, వెనక కారు హారను. మూడు ఫొటోలు, అయిపోయింది. అభిమానులైతే వెళ్ళండి, ఇంట్లోవాళ్ళని మాత్రం కింద కాఫీ షాపులో వదిలేయండి.

దానికి బదులు పై కొండమీది గ్రిఫిత్ అబ్జర్వేటరీకి చీకటి పడేవేళకి చేరుకోండి. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. పార్కింగ్‌కి గంట లెక్కన బాగానే వసూలు చేస్తారు, మెట్రో వెర్మాంట్/సన్‌సెట్ స్టేషన్ నుంచి డ్యాష్ బస్సు నయం. గోడ దగ్గర నిలబడితే కింద సముద్రం దాకా దీపాలు, వాటి మీద వరసగా దిగుతున్న విమానాలు. సినిమా మొదటి షాటు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. మా ఆయన కూడా వాన గురించి అడగలేదు.

వచ్చేటప్పుడు సెకండ్ స్ట్రీట్ టన్నెల్లోంచి పోనిచ్చాం. డెకార్డ్ కారు దూసుకెళ్ళేది ఈ తెల్లటి పలకల సొరంగంలోనే. ఖర్చు సున్నా, అర నిమిషం. మావాడు ఫోను బయటపెట్టి వీడియో తీసి, “ఇంకోసారి” అన్నాడు. తిప్పి మళ్ళీ తీసుకెళ్ళాం.

రాత్రి భోజనం లిటిల్ టోక్యోలో, కౌంటరు ముందు ఎత్తు స్టూళ్ళున్న నూడుల్స్ కొట్టులో. సినిమాలో డెకార్డ్ ఇలాంటి కౌంటరు దగ్గరే నాలుగు ముక్కలు వెయ్యమంటే, పెద్దాయన రెండు చాలని గొడవ పడతాడు. నాకెందుకో ఆశ పుట్టింది. ముగ్గురికి సరిపడా రామెన్ చెప్పాక, కావాలనే నాలుగు ప్లేట్ల గ్యోజా (కజ్జికాయల్లాంటి జపాన్ కుడుములు) అడిగాను. ఆ అమ్మాయి ఒక్క మాట అనకుండా రాసుకుని వెళ్ళి, నాలుగూ తెచ్చి పెట్టింది. రెండు ప్లేట్లు డబ్బాలో కట్టించుకుని మర్నాడు అర్వైన్ పట్టుకెళ్ళాం.