మా సమాధుల తోట రాళ్ళు బాగుచేసిన మేస్త్రిగారి షాపు గురించి

నరసాపురం నుంచి పాలకొల్లు వెళ్ళే రోడ్డులో బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు ఉంటుంది, ముందు గ్రానైట్ పలకలు వరసగా గోడకి ఆనించి ఉంటాయి. శిలాఫలకాలు, సమాధి రాళ్ళు చెక్కే షాపు. మా కుటుంబ సమాధుల తోట పని ఇక్కడే చేయించాం. పని అయ్యి రెండు నెలలైంది, ఈలోగా నాలుగు పెద్ద వానలు కూడా పడ్డాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

ముందు మా తోట సంగతి చెప్పాలి. కాలవ గట్టు పక్కన ఆరు సెంట్ల మెరక, పదకొండు సమాధులు. ఒకప్పుడు చుట్టూ వరిచేలు, ఇప్పుడు మూడువైపులా రొయ్యల చెరువులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు తవ్వారు కదా, ఆ తవ్విన మట్టి పోస్తేనే ఈ మెరక అయిందని మా నాయనమ్మ చెప్పేది. ఇంగ్లండ్ నుంచి 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ ద్వారా దేవుణ్ణి నమ్ముకున్న కుటుంబాల్లో మాదీ ఒకటి. ఊరి శ్మశానంలో చోటివ్వకపోతే మా ముత్తాత తన సొంత మెరక మీదే తల్లిని పెట్టుకున్నాడట. అక్కడినుంచి మొదలు.

1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఆ సమాధుల మీదుగా పోయాయి. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పాత బైబిల్, అందులో మొదటి పేజీల మీద మావాళ్ళ పుట్టుకలు, చావులు రాసుకున్నారు, అదంతా ముద్దయిపోయింది. తర్వాత 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్టు పడి రెండు సమాధులు పగిలాయి. ఇప్పుడు మాలో ఎవరు ఎప్పుడు పోయారో చెప్పడానికి ఆ రాళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

అందుకే వేరే ఊళ్ళో ఒక షాపువాళ్ళు "పాత రాళ్ళు తీసి పారేయండి, నల్ల గ్రానైట్ వేద్దాం, కంప్యూటర్ అక్షరాలు, ఫోటో కూడా వస్తుంది" అన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. అన్నయ్య ఒప్పేసుకున్నాడు కూడా. నేను ఒక్క వారం ఆగమని బతిమాలి ఈ మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన షాపులో కూర్చుని రేటు చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆరున్నరకల్లా తోటకి వచ్చారు. ఎండ ఏటవాలుగా పడేటప్పుడైతే అరిగిన అక్షరాల నీడ కనిపిస్తుందట, మధ్యాహ్నం ఎంత చూసినా రాయి బోసిగానే ఉంటుందట. ముత్తాతగారి తల్లి రాయి మీద సంవత్సరం తెలుగు అంకెల్లో ఉంది. చివరి అంకె ౨ అని మేమంతా చిన్నప్పటినుంచి చదువుకుంటున్నాం. ఆయన పల్చటి కాగితం రాయి మీద పరిచి, బొగ్గు ముక్కతో మెల్లగా రుద్దుతూ పోతే అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. చివరి అంకె దగ్గర ఆగి వేలితో తడిమి, "ఆయ్, ఇది మూడేనమ్మా, మధ్యలో మెలిక చూడండి" అన్నారు. నిజంగానే ౩. మా నాన్నకి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు.

కింద "గొఱ్ఱెపిల్ల" అని బండి ఱ తో ఉంది. పనిలో ఉన్న కుర్రాడు ఇప్పటి ర పెడదాం అంటే మేస్త్రిగారు గట్టిగా కసిరారు, వాళ్ళు ఎలా చెక్కారో అలాగే ఉండాలని. పాత గాడిలోనే ఉలి పెట్టి లోతు చేశారు, కొత్త గీత ఒక్కటి కూడా గీయలేదు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి పనికొస్తుంది. పదేళ్ళ కిందట మేం బాగుచేస్తున్నాం అనుకుని ఆ పాత సున్నం కట్టుబడి మీద సిమెంటు పూత వేయించాం. చెరువుల వల్ల కిందనుంచి ఉప్పు చెమ్మ ఎక్కుతుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు, లోపల ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. ఆయన సిమెంటంతా జాగ్రత్తగా ఊడగొట్టించి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన గానుగ సున్నంతో పూత పెట్టించారు. ఆరడానికి టైం పట్టింది, రోజూ తడి గోనెపట్టాలు కప్పాలి, ఆ ఓపిక మనకి ఉండాలి.

లోపాలూ చెప్పాలి. పదిహేను రోజులన్నారు, నలభై రోజులు పట్టింది. ఫోన్ ఎత్తరు, మనమే వెళ్ళి అడగాలి, దాంతో ఈస్టర్‌కి అవుతుందో లేదో అని బాగా టెన్షన్ పడ్డాం. పగిలిపోయిన తాతయ్య రాయికి బదులు కొత్తది చేయిస్తే "నిద్రించెను"లో క్రావడి మర్చిపోయారు. అది చూసి మా పిన్ని ఏడ్చేసింది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఇంకో పలక తీసుకుని మళ్ళీ చెక్కిచ్చారు, పైసా అడగలేదు. మీరు వెళితే పేర్లు, తేదీలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి, చెక్కేముందు పలక మీద గీసింది ఒకసారి చూసుకోండి.

ఎనిమిది సమాధులకి సున్నం పనితో కలిపి 38,000 అయింది. అక్షరానికి ఇంత అని లెక్క, వత్తులకీ గుణింతాలకీ వేరే తీసుకోరు. గ్రానైట్ వేయిస్తే దీనికి రెట్టింపు పైనే అయ్యేది.

ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పెట్టినప్పుడు మా అన్నయ్య కూతురు, ఎనిమిదేళ్ళది, ఆ రాయి ముందు కూర్చుని పేరు, అంకెలు కూడబలుక్కుని మొత్తం చదివింది. మిగిలిన మూడు సమాధుల పని వానలు వెలిశాక సంక్రాంతి లోపు చేయించాలని ఆయనకే అడ్వాన్స్ ఇచ్చాం.